కొండ పల్లెల్లో కళాకారుల సంఘాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చిత్రకారులు, కుమ్మరులు, నేతగాళ్ళు, చెక్కడపు పనివారు, రంగస్థల కళాకారులు కొందరు ఒక సంఘంగా ఏర్పడి, నగరాలకు దూరంగా కొండ ప్రాంతపు పల్లెలో ఉంటూ, ఆ పనితోనే జీవనం సాగించడం గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒకే ప్రశ్నగా కలిపాం. రాసినవారి పేర్లను, ఊళ్ళను ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేం ఆరుగురు మిత్రులం. ముగ్గురు చిత్రకారులు, ఒకరు కుండలు చేస్తారు, ఒకరు నేస్తారు, ఒకరు కొయ్య చెక్కుతారు. నగరంలోని అద్దెలు, హడావుడి భరించలేక కొండల్లోని ఒక పల్లెకు వెళ్ళి సంఘంగా పనిచేయాలనుకుంటున్నాం. ఇలాంటి ప్రయత్నాలు ఎక్కడైనా నిలిచాయా?

జవాబు: నిలిచినవి ఉన్నాయి. నిలిచినవాటిని, చెదిరిపోయినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రకృతి దృశ్యం ఎంత అందమైనదన్న దాని మీద కంటే, కలిసి చేయవలసిన పని ఏమిటో సభ్యులకు ఎంత స్పష్టంగా తెలుసన్న దాని మీదే వాటి ఆయుష్షు ఆధారపడినట్టు కనిపిస్తుంది.

అమెరికాలోని న్యూమెక్సికోలో, సముద్ర మట్టానికి 2,000 మీటర్లకు పైన ఉన్న టావోస్ సంగతే తీసుకోండి. 1898లో ఎర్నెస్ట్ బ్లూమెన్‌షైన్, బర్ట్ ఫిలిప్స్ అనే ఇద్దరు యువ చిత్రకారులు గుర్రపు బండిలో దక్షిణంగా వెళుతుండగా టావోస్‌కు ఉత్తరాన కొండదారిలో బండి చక్రం విరిగింది. దాన్ని బాగుచేయించుకోవడానికి ఊళ్ళోకి వెళ్ళి, ఆ ఊరితోనే ముడిపడిపోయారు. ఈ కథను అందరూ చెబుతారు గాని, టావోస్ చిత్రకారుల సంఘం పుట్టింది 1915లో అన్న సంగతిని అంతగా చెప్పరు. ఆ పదిహేడేళ్ళలో ఒక్కొక్కరే వచ్చి పనిచేసుకున్నారు. ఎవరికీ ఒంటరిగా సాధ్యం కాని పని ఒకటి తేలిన తరువాతే ఆరుగురు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఆ పని ఏమిటంటే, కొనుగోలుదారులంతా దూరపు నగరాల్లో ఉన్నారు కనుక, అందరి చిత్రాలనూ ఒక ప్రదర్శనగా కూర్చి ఊరూరా తిప్పడం. ఎవరు ఏం గీయాలో, ఎలా గీయాలో సంఘం చెప్పలేదు. 1927 నాటికి సభ్యుల్లో చాలామందికి సొంతంగా అమ్ముకునే దారులు ఏర్పడ్డాయి, సంఘాన్ని రద్దు చేసుకున్నారు. దీన్ని నేను వైఫల్యంగా లెక్కించను. ఏ పనికోసం కలిశారో ఆ పని పూర్తయింది.

దీనికి భిన్నమైనది న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో, వుడ్‌స్టాక్ దగ్గర 1902-03లో మొదలైన బర్డ్‌క్లిఫ్. రాల్ఫ్ రాడ్‌క్లిఫ్ వైట్‌హెడ్ అనే సంపన్నుడు వెయ్యి ఎకరాలకు పైగా భూమి కొని, ఇళ్ళు, కార్ఖానాలు కట్టించి, కళాకారులను పిలిపించాడు. చేతిపనితో చేసిన చక్కటి ఫర్నిచర్ అమ్మి కాలనీ నడపాలన్నది ఆలోచన. ఆ బల్లలు, బీరువాలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయంటే వాటి నాణ్యత అర్థమవుతుంది. కాని అవి బరువైనవి, చేయడానికి ఎంతో కాలం పట్టేవి, కొండల నుంచి దించి నగరానికి చేర్చడానికి ఖర్చయ్యేవి. మొత్తం యాభైకి లోపే తయారై, రెండు మూడేళ్ళలోనే ఆ పని ఆగిపోయింది. వైట్‌హెడ్‌తో కలిసి ఆ చోటును ఎంచిన హెర్వీ వైట్ ఆయన పద్ధతి నచ్చక విడిపోయి, 1905లో దగ్గరలోనే మావెరిక్ అనే మరో కాలనీ పెట్టాడు. అక్కడ ఉన్నవి సాదా గుడిసెలు, స్వల్పమైన అద్దె, ఎవరి పని వారిది. నీటి బావి తవ్వించడానికి డబ్బు చాలకపోతే 1915లో ఒక ఉత్సవం చేసి పోగుచేశారు. బావి ప్రతి ఒక్కరికీ కావాలి, ఎవరూ ఒంటరిగా తవ్వించుకోలేరు. సంఘం అంటే అసలైన అర్థం నాకు ఆ బావిలోనే కనిపిస్తుంది.

కనుక మీరు ఆరుగురూ ముందుగా చేయవలసింది ఒకటే. మీలో ఏ ఒక్కరికీ ఒంటరిగా సాధ్యం కానిది, అందరికీ కావలసినది ఏమిటో విడివిడిగా కాగితం మీద రాసి, ఆ కాగితాలను పోల్చి చూడండి. రవాణా కావచ్చు, బట్టీ కావచ్చు, అమ్మకం కావచ్చు. కాగితాలు కలవకపోతే సంఘం పెట్టకండి. మిత్రులుగా ఉంటూ ఎవరి వీలు కొద్దీ వారు ఆ పల్లెకు వెళ్ళి పనిచేసుకోండి. ఇంకొక మాట: నగరంలోని గది ఖాళీ చేసే ముందు ఆ పల్లెలో అన్నిటికంటే కష్టమైన కాలం, అంటే దారులు మూసుకుపోయే కాలం, కనీసం ఒక్కసారి పూర్తిగా గడపండి.

ప్రశ్న: మా సంఘంలో అమ్మకాల డబ్బంతా ఒకచోట వేసి సమానంగా పంచుకోవాలని కొందరు, ఎవరి సొమ్ము వారిదేనని మరికొందరు వాదిస్తున్నారు. ఏది న్యాయం?

జవాబు: అమ్మిన సొమ్ము చేసినవారికే వెళ్ళాలని, ఖర్చులను మాత్రం పంచుకోవాలని నా అభిప్రాయం. ఇందులో స్వార్థం లేదు. కుమ్మరి బట్టీని ఒకసారి కాల్చి తెరిస్తే పదుల సంఖ్యలో పాత్రలు బయటికి వస్తాయి. పెద్ద తెర నేసే మనిషి అదే వ్యవధిలో సగం పని కూడా ముగించలేకపోవచ్చు. సమానంగా పంచినప్పుడు మొదటివారికి తాము ఇతరులను మోస్తున్నామన్న భావం, రెండవవారికి తాము ఇతరుల దయ మీద ఉన్నామన్న భావం కలుగుతాయి. రెండూ పనిని చెడగొడతాయి. పైగా తన పని అమ్ముడుపోయిందా లేదా అన్న నిజం కళాకారునికి నేరుగా తెలియాలి.

ఖర్చులను రెండు భాగాలుగా చూడడం మేలు. కార్ఖానా అద్దె, వెచ్చదనానికి అయ్యే ఇంధనం, లెక్కల పని వంటివి అమ్మకాలున్నా లేకపోయినా వచ్చేవి. వీటికి ప్రతి సభ్యుడూ నెలనెలా ఒకే చందా కట్టాలి. సరుకు కట్టడం, పంపడం, ప్రదర్శనలు, ఫోటోలు వంటివి అమ్మకంతో పాటు పెరిగేవి. వీటిని సంఘం ద్వారా జరిగిన అమ్మకాల మీద కమీషనుగా తీసుకోవాలి. ప్రైవేటు గ్యాలరీలు సాధారణంగా అమ్మకం ధరలో సగం వరకు తీసుకుంటాయి. సభ్యులే శ్రమ పెడతారు కనుక సంఘం అంతకంటే తక్కువతో నడుస్తుంది. అయితే ఆ శ్రమను లెక్కలో రాయాలి. ఉత్తరాలకు జవాబిచ్చే మనిషి, పెట్టెలు కట్టే మనిషి, ప్రదర్శనశాలలో రోజంతా కూర్చునే మనిషి దాదాపు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరే ఉంటారు, వారికి ఎవరూ ఏమీ ఇవ్వరు, ఏడాది తిరిగేసరికి వారు తమ సొంత పని మానేసి ఉంటారు. మొదటి నెల నుంచే ఆ గంటలకు డబ్బు చెల్లించండి, లేదా వారి చందా తగ్గించండి.

ఇక ఆదాయం సంగతి. చెన్నై దగ్గర సముద్రతీరాన 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ నాయకత్వంలో ఏర్పడిన చోళమండలం కళాకారుల గ్రామం కొండల్లోది కాకపోయినా మీకు పనికొచ్చే ఉదాహరణ. ఆ చిత్రకారులు, శిల్పులు బాతిక్ అద్దకం వంటి చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బుతో భూమి కొనుక్కున్నారు. చేతిపని వల్ల పొట్ట గడిచింది గనుక వారి చిత్రాలు ఎవరి మెప్పు కోసమూ మారవలసిన అవసరం రాలేదు. కొండల్లో ఉండేవారికి ఈ పద్ధతి ఇంకా బాగా నప్పుతుంది, ఎందుకంటే తేలికగా, చిన్నగా, పగలకుండా ఉండే వస్తువే దారి కష్టాన్ని తట్టుకుంటుంది. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. చిన్న వస్తువులు అమ్ముడవుతున్న కొద్దీ ఏడాదంతా వాటికే పోతుంది. సంవత్సరంలో కొన్ని నెలలు ప్రతి సభ్యుడూ అమ్మకంతో సంబంధం లేని తన సొంత పని చేసుకునేలా నియమం పెట్టుకున్న సంఘాలను నేను గౌరవిస్తాను.

దుకాణం ఎక్కడ పెట్టాలని కూడా కొందరు అడిగారు. కార్ఖానా పక్కనే కాకుండా, మనుషులు ఎలాగూ వెళ్ళే దారి మీద పెట్టాలి. అమెరికాలోని నార్త్ కరొలైనా కొండల్లో 1890లలో ఫ్రాన్సెస్ గుడ్‌రిచ్ అనే ఆమె స్థానిక స్త్రీల నేతపనులు అమ్మడానికి అలెన్‌స్టాండ్ పేరుతో సంస్థ ప్రారంభించి, 1908లో దుకాణాన్ని ఆష్‌విల్ పట్టణానికి మార్చింది. 1931లో దాన్ని, అంతకు ముందు ఏడాదే ఏర్పడిన సదరన్ హైలాండ్ చేతిపనుల గిల్డుకు, అంటే పనివారి సంఘానికి, ఇచ్చేసింది. ఆ దుకాణం ఇప్పుడు బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే పర్యాటక రహదారి మీద, 1980లో తెరిచిన భవనంలో ఉంది. తయారీ కొండల్లోని ఇళ్ళల్లోనే జరిగింది, అమ్మకం మాత్రం రహదారిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ గిల్డు నేటికీ నడుస్తోంది.

కొండ ప్రాంతాలకు సందర్శకులు కొన్ని నెలలే వస్తారు. అందుచేత మంచి కాలంలో వచ్చిన కమీషను నుంచి, దారి మూసుకుపోయే నెలలన్నిటికీ సరిపడా స్థిర ఖర్చుల సొమ్ము పక్కకు తీసి ఉంచడం అన్ని నియమాలకంటే ముందు రాసుకోవలసిన నియమం.

ప్రశ్న: నేను కుండలు, పింగాణీ పాత్రలు చేస్తాను. మైదానంలో బాగా పనిచేసిన గ్యాస్ బట్టీ కొండ మీదికి తెచ్చాక పొగ కక్కుతోంది, వేడి అందుకోవడం లేదు. లోపం ఎక్కడుంది? ఇతర కళల సామగ్రికీ ఇలాంటి ఇబ్బందులు ఉంటాయా?

జవాబు: మీ బట్టీలో లోపం లేదు, గాలి పలచబడింది. 2,000 మీటర్ల ఎత్తున వాయుపీడనం సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో దాదాపు ఐదింట నాలుగు వంతులే ఉంటుంది. అంటే బర్నరు పీల్చే ప్రతి లీటరు గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు తక్కువ. గ్యాసు మాత్రం పాత లెక్కనే వస్తుంది కనుక అది పూర్తిగా మండదు. పొగ, మసి, ఆగిపోయిన ఉష్ణోగ్రత, మీరు కోరని చోట గ్లేజు (పాత్రల మీది గాజు పూత) రంగు మారడం, ఇవన్నీ దాని ఫలితాలే. బర్నరు తయారీదారును అడిగి, ఆ ఎత్తుకు తగిన చిన్న రంధ్రం గల నాజిల్ వేయించండి, గాలి ద్వారాలు పెద్దవి చేయించండి. అలా చేసినప్పుడు ఒక్కో బర్నరు ఇచ్చే వేడి తగ్గుతుంది కనుక అదనపు బర్నరు కావలసి రావచ్చు. పొగగొట్టం లాగుడు చాలకపోతే దాని ఎత్తు పెంచాలి. మైదానంలో ఇన్ని గంటలు పట్టేదన్న పాత లెక్కను పక్కన పెట్టి, పైరోమెట్రిక్ కోన్లు (నిర్ణీత వేడికి వంగే చిన్న శంకువులు) వంగడాన్ని చూసి మాత్రమే బట్టీ ఆపండి.

విద్యుత్ బట్టీకి పలచని గాలితో ఇబ్బంది లేదు. దాని శత్రువు వోల్టేజి. పొడవైన లైను చివర ఉన్న పల్లెలో వోల్టేజి పది శాతం పడిపోతే బట్టీకి అందే శక్తి దాదాపు పంతొమ్మిది శాతం తగ్గుతుంది, ఎందుకంటే శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరించి మారుతుంది. బట్టీ కొనేముందు సాయంత్రం వేళ, ఊరంతా దీపాలు వేసుకున్నప్పుడు, వోల్టేజి కొలిపించండి.

బంకమట్టి గడ్డకడితే పాడైపోదు గాని, అందులోని నీరు విడివడి పొరలుగా మారుతుంది. మళ్ళీ బాగా మర్దించితే తప్ప చక్రం మీద నిలవదు. అక్రిలిక్ రంగులు సుమారు పది డిగ్రీల సెల్సియస్ లోపు ఆరితే పొర సరిగా కట్టదు, తరువాత పొడిగా రాలుతుంది. ఆరిన అక్రిలిక్ చిత్రాన్ని చలిలో చుట్టినా, మడిచినా పగులుతుంది, కాబట్టి చలికాలంలో కాన్వాసును చుట్టి పంపవద్దు. కొయ్య చెక్కేవారు మైదానం నుంచి తెచ్చిన కలపను వెంటనే ఉలి కిందికి తీసుకోకూడదు. చలికాలంలో వెచ్చబెట్టిన గది గాలి చాలా పొడిగా ఉంటుంది. ఆ గదిలో కలపను కొన్ని వారాలు ఉంచి, అక్కడి తేమకు అలవాటు పడనిస్తే పగుళ్ళు తగ్గుతాయి. నేతగాళ్ళు, అద్దకపువాళ్ళు గుర్తుంచుకోవలసింది అతినీలలోహిత కిరణాలను: ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ వాటి తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది, నిలవని రంగులు అంత త్వరగా వెలిసిపోతాయి. బట్టలను ఎండలో ప్రదర్శించే అలవాటు మానుకోవాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణం. చలికి తలుపులు, కిటికీలు బిగించి లోపల గ్యాసు బట్టీ గాని, బొగ్గుల కుంపటి గాని మండించడం వల్ల రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. నూనె రంగులను పలచన చేసే టర్పెంటైన్ ఆవిరి కూడా మూసిన గదిలో హాని చేస్తుంది. కార్ఖానాకు గాలి మార్గం, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం సంఘం ఖర్చుతోనే పెట్టించాలి. దీన్ని ఏ ఒక్క సభ్యుని ఇష్టానికీ వదలకూడదు.

ప్రశ్న: మేం పనిచేసే ఇల్లు, స్థలం ఒక సభ్యురాలివి. ఆమె చాలా మంచివారు. కాని ప్రతి నిర్ణయం చివరికి ఆమె ఇష్టంగానే ముగుస్తోంది. ఎవరం నోరు విప్పలేకపోతున్నాం. ఏం చేయాలి?

జవాబు: ఆమె మంచితనం వల్లనే మీకు మాట్లాడడం కష్టమవుతోంది, అందుకే ఈ సంగతిని మనసుల మధ్య ఉంచకుండా కాగితం మీదికి తీసుకురండి. ఆమె యజమానిగా ఒక వైపు, సంఘం కౌలుదారుగా మరో వైపు ఉండి, కొన్నేళ్ళ గడువుతో లీజు రాసుకోవాలి. కొత్త బట్టీ కట్టినా, పైకప్పు మార్చినా ఆ ఖర్చు తీరేదాకా లీజు గడువు ఉండాలి, ఆ కట్టడం ఎవరిదో అందులోనే రాయాలి. ఆమెకు న్యాయమైన అద్దె అందాలి. అద్దె తీసుకోకుండా స్థలం ఇవ్వడం గొప్ప ఉపకారంలా కనిపిస్తుంది గాని, అలా తీసుకున్నవారు ఆమెతో సమానంగా కూర్చుని మాట్లాడలేరు. సమావేశంలో మాత్రం ఆమెకు మిగతావారిలాగే ఒక్క ఓటు. ఒక సభ్యునికి ఒక ఓటు అన్న సూత్రం 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతగాళ్ళు, ఇతర పనివారు పెట్టుకున్న సహకార సంఘం నుంచి మనకు వచ్చింది. ఎంత పెట్టుబడి పెట్టినా ఓటు పెరగదు.

సమానత్వం ఒక్కటే అన్నీ చక్కబెడుతుందని కూడా అనుకోకండి. నార్త్ కరొలైనా కొండల్లో 1933లో మొదలైన బ్లాక్ మౌంటెన్ కాలేజీలో బయటివారి పాలకమండలి లేదు. అధ్యాపకులే కాలేజీ యజమానులు, విద్యార్థులకూ నిర్ణయాల్లో భాగం ఉండేది, పొలం పని, కట్టడం పని అందరూ చేసేవారు. జర్మనీలో బౌహౌస్ అనే కళా పాఠశాల మూతపడ్డాక యోసెఫ్ ఆల్బర్స్, ఆన్నీ ఆల్బర్స్ దంపతులు అక్కడికే వచ్చి చేరారు. ఇరవయ్యో శతాబ్దపు కళలో ఆ చిన్న కాలేజీకి ఉన్న స్థానం చాలా పెద్దది. అయినా విభేదాలతో పలుమార్లు చీలింది, స్థిరమైన నిధి లేక చివరికి భూమిని కొద్దికొద్దిగా అమ్ముకుంటూ 1957లో మూతపడింది.

లీజుతో పాటు, సభ్యులు విడిచి వెళ్ళే పద్ధతిని కూడా ఇప్పుడే, అందరూ స్నేహంగా ఉండగానే రాయండి. వెళ్ళేవారు పెట్టిన వాటా ఎన్ని వాయిదాల్లో తిరిగి ఇస్తారు, అమ్మకానికి వదిలిన పనులు ఏమవుతాయి, సంఘం పేరు వారు వాడుకోవచ్చా అన్న మూడింటికీ జవాబుండాలి. లెక్కల పుస్తకం వ్యవస్థాపకుల చేతిలో ఉండకూడదు, ఏటా చేతులు మారాలి.

ఓటుకు పెట్టకూడనిది ఒకటుంది. చేరేటప్పుడు పని చూసి తీసుకోండి, ఎంత కఠినంగానైనా చూడండి. చేరిన తరువాత ఆ సభ్యుని కళ ఎలా ఉండాలన్నది సమావేశపు ఎజెండాలో ఎన్నడూ రాకూడదు. దారిని, పనిముట్లను, ఖర్చులను పంచుకున్నవారు దశాబ్దాలు కలిసి ఉండగలరు. అభిరుచిని కూడా పంచుకోవాలని పట్టుబట్టినప్పుడు బలహీనమైన గొంతులు ముందు మూగబోయి, ఆ తరువాత వెళ్ళిపోతాయి.

ప్రశ్న: మాది కొండ ఊరు. కొన్నేళ్ళ కిందట బయటి కళాకారులు వచ్చి సంఘం పెట్టారు. మంచివారే. కాని మా పెద్దల నేత నమూనాలు, తలుపుల మీది చెక్కడాలు వారి పనుల్లో కనిపిస్తున్నాయి, వారి పేర్లతో అమ్ముడవుతున్నాయి. ఊళ్ళో ఇళ్ళ అద్దెలు పెరిగాయి, పెళ్ళైన మా పిల్లలకు ఇల్లు దొరకడం లేదు. మేం ఏం అడగవచ్చు?

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో మీదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మీ బాధ న్యాయమైనది, కొత్తది కూడా కాదు. పోలండులోని టాట్రా పర్వతాల కింద ఉన్న జకోపానేలో స్టానిస్వావ్ విట్కియెవిచ్ అనే చిత్రకారుడు 1892-93లో కొలిబా అనే ఇల్లు కట్టించి ఒక నిర్మాణ శైలికి నాంది పలికాడు. ఆయన ఆ కొండవాసుల వడ్రంగాన్ని మనసారా ప్రేమించినవాడే. అయినా ఆ శైలి చరిత్ర చెప్పేటప్పుడు ముందుగా వినిపించేది ఆయన పేరు. తరతరాలుగా ఆ దూలాలను చెక్కుతూ వచ్చిన వడ్రంగులు వెనక వరుసలో నిలబడతారు. ప్రేమ ఉన్నా పేరు పంచుకోకపోతే ఇలాగే జరుగుతుంది.

ముందు చెప్పిన టావోస్‌లో కూడా చిత్రకారులు అక్కడి ప్యూబ్లో ఆదివాసులను కూర్చోబెట్టి గీసిన బొమ్మలు దూర నగరాల్లో అమ్ముడయ్యాయి. అయితే 1922లో, ప్యూబ్లోల భూముల మీద బయటివారి హక్కులను ఖాయం చేసే బర్సమ్ బిల్లు అమెరికా కాంగ్రెస్‌లోకి వచ్చినప్పుడు, టావోస్, సాంటా ఫేలలోని కళాకారులు, రచయితలు దాన్ని ఖండిస్తూ ప్రకటన మీద సంతకాలు చేశారు. ప్యూబ్లోలు స్వయంగా సంఘటితమై పోరాడారు, ఆ బిల్లు ఓడిపోయింది. నగరాల్లో పలుకుబడి ఉన్న కళాకారులు ఊరికి చేయగల అసలైన సాయం ఇలాంటిది. 1906లో ప్రభుత్వం తీసుకున్న తమ పవిత్ర సరస్సును, దాని చుట్టూ 48,000 ఎకరాలను టావోస్ ప్యూబ్లో ప్రజలు 1970లో తిరిగి సాధించుకున్నారు. అది మాత్రం పూర్తిగా వారి పట్టుదల ఫలితం.

మీరు అడగదగినవి చాలా ఉన్నాయి. మొదటిది నమూనాల సంగతి. ఊరందరిదీ అయిన పాత నమూనాకు ఒక రచయిత, ఒక తేదీ ఉండవు కనుక సాధారణ కాపీరైటు చట్టాలు దాన్ని కాపాడడం కష్టం. అందుచేత సంఘంతో నేరుగా రాతపూర్వకమైన ఒప్పందం చేసుకోండి: ఏ నమూనా వాడవచ్చు, ఏది ఎవరూ వాడకూడదు, వాడినప్పుడు ఊరి పేరు ఎలా వేయాలి, అమ్మకంలో ఊరి ఉమ్మడి నిధికి ఎంత రావాలి. పూజకు, చావుపుట్టుకలకు సంబంధించినవాటిని ఇవ్వబోమని చెప్పే హక్కు మీకుంది, దానికి మీరు కారణం చెప్పనవసరం లేదు.

రెండవది సభ్యత్వం. ఊళ్ళోని నేతగాళ్ళు, వడ్రంగులు ఆ సంఘంలో ఓటున్న సభ్యులుగా ఉండాలి. కూలి తీసుకుని బయటివారి గీతలను పూర్తిచేసే చేతులుగా మిగలకూడదు. నార్త్ కరొలైనా కొండల్లోని పెన్‌లాండ్‌లో 1923లో లూసీ మోర్గన్ స్థానిక స్త్రీలకు మగ్గాలు అందించి, వారు ఇంటి దగ్గరే నేసి సంపాదించుకునే ఏర్పాటు చేసింది. 1929 నాటికి ఆ ప్రయత్నమే చేతిపనుల పాఠశాలగా ఎదిగింది. ఆదాయం ఊరి ఇళ్ళలోకి వెళ్ళడంతో మొదలైంది గనుక ఆ పాఠశాల ఆ కొండలకు పరాయిది కాలేదు.

ఇళ్ళ విషయంలో నా మాట కొంచెం కఠినంగానే ఉంటుంది. సంవత్సరంలో రెండు నెలలు ఉండడానికి ఇల్లు కొని మిగతా కాలం తాళం వేసే కళాకారుడు ఊరికి చేసే మేలు కంటే కీడే ఎక్కువ. సభ్యులు ఖాళీగా పడి ఉన్న కట్టడాలను బాగుచేసుకుని దీర్ఘకాలపు కౌలుకు తీసుకోవాలని, ఊరివారు ఉండదగిన ఇళ్ళకు పోటీ పడకూడదని అడగండి. ఇది అసాధ్యం కాదు. జపాన్‌లో మంచు విపరీతంగా పడే నీగాతా కొండ ప్రాంతంలో 2000లో మొదలైన ఎచిగో-త్సుమారి కళోత్సవం, యువత వలసపోయి మూతపడిన బడులను, జనం లేని ఇళ్ళను కళకు వాడుకుంది. మొదట్లో స్థానికులు వ్యతిరేకించారు. వారిని ఒప్పించడానికి నిర్వాహకులకు ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళను వృథా అనకూడదు. ఇప్పుడు ఆ ఇళ్ళను, కళారూపాలను చూసుకునేవారిలో, వచ్చినవారికి చూపించేవారిలో ఊరివాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: నేను చిన్నప్పటి నుంచి నేస్తున్నాను. వ్యవసాయం కూడా చేస్తాను. గ్యాలరీలో ఎన్నడూ ప్రదర్శించలేదు. ‘వృత్తి కళాకారులకే’ అని పెట్టిన సంఘంలో నాకు చోటుంటుందా?

జవాబు: ఉండాలి. 1980లో యునెస్కో బెల్‌గ్రేడ్‌లో ఆమోదించిన కళాకారుల స్థితిగతుల సిఫారసు, కళాసృష్టిని తన జీవితంలో ఎంతో అవసరమైన భాగంగా భావించే ప్రతి సృష్టికర్తనూ కళాకారునిగా గుర్తించింది. ఉద్యోగం ఉందా, ఏదైనా సంఘంలో సభ్యత్వం ఉందా అన్నదానితో పని లేదని చెప్పింది. కొండ పల్లెలో సేద్యమో, బడి పంతులు పనో చేయకుండా కేవలం కళతో బతికేవారు ఎప్పుడూ కొద్దిమందే. సంఘం చూడవలసింది పని నాణ్యతను, ఒప్పుకున్న గడువుకు పని అందించే క్రమశిక్షణను. మీ వస్త్రాలు తీసుకువెళ్ళి చూపించండి. ఎంపిక ప్రమాణాలు ఏమిటో ముందుగా రాతలో అడగండి. నిరాకరిస్తే కారణం కూడా రాతలోనే అడగండి.

ప్రశ్న: సంగీతం, నాటకం వారికి కొండ పల్లెలో ఇలాంటి సంఘం పనికొస్తుందా? ప్రేక్షకులే ఉండరు కదా?

జవాబు: ప్రేక్షకులు తక్కువే గాని, వారు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. మావెరిక్ కాలనీలో 1916లో మొదలైన సంగీత కచేరీలు ఇప్పటికీ ప్రతి వేసవిలో జరుగుతున్నాయి. కెంటకీ రాష్ట్రంలోని అపలాచియన్ కొండల్లో, బొగ్గు గనుల మధ్య ఉన్న వైట్స్‌బర్గ్‌లో 1969లో యువతకు సినిమా పని నేర్పే శిక్షణ కేంద్రంగా మొదలైన ఆపల్‌షాప్, తరువాత నాటక బృందాన్ని, రేడియో కేంద్రాన్ని కూడా కలుపుకుని నేటికీ పనిచేస్తోంది. తమ గురించి బయటివారు తీసిన చిత్రాలతో విసిగిన ప్రజలు తమ కథను తామే చెప్పుకోవడం దాని బలం. మన దేశంలో నర్తకుడు ఉదయ్ శంకర్ 1930ల చివర అల్మోరాలో పెట్టిన కళాకేంద్రంలో శంకరన్ నంబూద్రి, కందప్ప పిళ్ళై, అల్లావుద్దీన్ ఖాన్ వంటి మహానుభావులు బోధించారు. అయినా ఆ కేంద్రం కొన్నేళ్ళకే మూతపడింది. ప్రదర్శన కళలకు నెలనెలా జీతాలు కావాలి, వాటిని ఒక వ్యక్తి కీర్తి మీద, దూరంలోని దాతల మీద నడపడం కష్టం. పర్యటనల ఆదాయం, శిక్షణ రుసుము, స్థానిక కచేరీలు మూడూ ఉంటేనే మొదలుపెట్టండి.

ప్రశ్న: వరదలు, కొండచరియలు విరిగిపడడం వంటివి వస్తే కళాకృతులను ఎలా కాపాడుకోవాలి?

జవాబు: కొండల్లో నీరు గంటల్లో పెరుగుతుంది, ఊళ్ళూ కార్ఖానాలూ తరచుగా లోయ అడుగున ఏటి ఒడ్డునే ఉంటాయి. 2022 జూలై వరదలో ఆపల్‌షాప్ వారి భవనంలోకి నీరు చేరి, దశాబ్దాలుగా పోగుచేసిన ఫిల్ములు, టేపులు బురదలో తడిశాయి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వల్ల ఆష్‌విల్‌లో నది ఒడ్డునున్న కళాకారుల కార్ఖానాలు మునిగిపోయాయి. ఏటి పక్కన అద్దె తక్కువగా ఉండడానికి కారణం అదే కావచ్చునని ఇల్లు చూసేటప్పుడే అనుకోవాలి. గతంలో నీరు ఎంతవరకు వచ్చిందో ఊరి పెద్దలను అడిగి, గోడ మీద గుర్తు పెట్టించుకోండి; ఆ గుర్తుకు పైనే చిత్రాలు, మగ్గాలు, విద్యుత్ మోటార్లు ఉండాలి. ప్రతి పనికీ ఫోటో, కొలతలు, ధర, ఎవరి దగ్గర ఉందన్న వివరం జాబితాగా రాసి, దాని నకలు మరో ఊళ్ళో ఉంచండి. బీమా సొమ్ము అడగడానికి ఆ జాబితాయే ఆధారం. ఇతరుల పనులను అమ్మకానికి ఉంచుకున్నప్పుడు అవి పాడైతే నష్టం సంఘానిదా, కళాకారునిదా అన్నది ఒప్పందంలో ముందే రాయాలి. తడిసిన ఫిల్ములను, కాగితాలను ఆరబెట్టడానికి తొందరపడవద్దు. కాగితాలను శుభ్రమైన సంచుల్లో వేసి ఫ్రీజరులో పెడితే బూజు పట్టకుండా నిపుణులు వచ్చేదాకా ఆగుతాయి. ఫిల్ములను మాత్రం గడ్డకట్టించకుండా, తడిగానే చల్లని శుభ్రమైన నీటిలో ఉంచి, వీలైనంత త్వరగా నిపుణులకు చేర్చండి.